39 డాలర్ల 60 సెంట్లు

మా బాబాయి జీవితం మొత్తంలో చూసిన ఇంగ్లీషు సినిమాలు మూడో నాలుగో ఉంటాయేమో. వాటిలో ఒక్కదాని గురించే పాతికేళ్ళకు పైగా చెప్పాడు. దాని పేరు మాత్రం ఏనాడూ పలకలేదు. "నైట్ బస్సు సినిమా" అనేవాడు.

అసలు పేరు 'ఇట్ హ్యాపెన్డ్ వన్ నైట్'. 1934లో వచ్చింది. చాలా ఏళ్ళ తర్వాత ఎక్కడో చదివాను, ఆ సినిమాకి ఆధారమైన కథ పేరు నిజంగానే 'నైట్ బస్' అట. శామ్యూల్ హాప్కిన్స్ ఆడమ్స్ అనే ఆయన 1933లో ఒక పత్రికకి రాశాడు. బస్సుల మీద అంతకుముందు వచ్చిన సినిమాలు ఆడలేదని భయపడి పేరు మార్చారు. ఈ సంగతి బాబాయికి ఫోన్ చేసి మరీ చెప్పాను. ఆయన ఏమీ ఆశ్చర్యపోలేదు. "బస్సు సినిమాకి బస్సు పేరు పెట్టక ఏం పెడతార్రా?" అన్నాడు.

బాబాయి ఆర్టీసీలో కండక్టర్. అప్పట్లో మేం విజయవాడ సత్యనారాయణపురంలో అద్దెకి ఉండేవాళ్ళం. రెండు గదులు, ముందు చిన్న వరండా. నానమ్మ, అమ్మా నాన్నా, బాబాయి, పిన్ని, నేను, చెల్లి. ఏడుగురం. పక్క పోర్షన్‌లో ఒక నర్సమ్మగారు. మేడ మీద ఒంటిగదిలో బ్యాంకు ఉద్యోగం చేసే ఒకాయన. ఆయనకి సినిమాల పిచ్చి ఎంతంటే, జీతం రాగానే ముందు ఫిల్మ్ సొసైటీ చందా కట్టి తర్వాత మా ఇంటాయనకి అద్దె కట్టేవాడు. మేం ఆయన్ని బ్యాంకంకుల్ అనేవాళ్ళం.

1988 వేసవి సెలవులు. నాకు పన్నెండేళ్ళు. వీసీపీ, కలర్ టీవీ ఒక రాత్రికి అద్దెకి తేవడమంటే వీధి వీధంతా పండగే. రెండు తెలుగు సినిమాలు అయ్యేసరికి అర్ధరాత్రి దాటింది. చాపల మీద నేను తప్ప పిల్లలంతా ఎక్కడివాళ్ళక్కడ పడి నిద్రపోయారు. అప్పుడు బ్యాంకంకుల్ మేడ దిగి వచ్చి, మద్రాసులో ఎవరో స్నేహితుడు పంపిన క్యాసెట్ ఒకటి పెట్టాడు. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన బాబాయి, ఖాకీ చొక్కా గుండీలు విప్పుకుంటూ, "బ్లాక్ అండ్ వైటా? ఇంగ్లీషా? అయితే నేను పడుకుంటా" అన్నాడు. ఇంతలో తెర మీదకి బస్టాండ్ వచ్చింది. బాబాయి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. కంచంలో అన్నం అక్కడికే తెప్పించుకున్నాడు.

కథ ఇది. ఎల్లీ ఆండ్రూస్ అని కోటీశ్వరుడి కూతురు. విమానాలు నడిపే షోకిలాడొకణ్ణి తండ్రికి చెప్పకుండా పెళ్ళి చేసుకుంటుంది. ఆ పెళ్ళి రద్దు చేయించాలని తండ్రి ఆమెను మయామీ దగ్గర తన సొంత ఓడలో పెట్టి కదలనివ్వడు. ఈమె సముద్రంలోకి దూకి, ఈదుకుంటూ ఒడ్డుకి చేరి, న్యూయార్క్ వెళ్ళే రాత్రి బస్సు ఎక్కేస్తుంది. అదే బస్సులో పీటర్ వార్న్ అనే విలేకరి, అప్పుడే ఉద్యోగం ఊడినవాడు. వెనక సీటు దగ్గర ఇద్దరికీ గొడవ. దేశమంతా ఈమె కోసం వెతుకుతుంటే, ఆ వార్త రాసుకుంటే తన బతుకు బాగుపడుతుందని అతని లెక్క. ఆమె వేషం క్లాడెట్ కోల్బర్ట్ వేసింది, అతని వేషం క్లార్క్ గేబుల్. తీసినవాడు ఫ్రాంక్ కాప్రా.

బ్యాంకంకుల్ పక్కన కూర్చుని ఒక్కో మాటా తెలుగులో చెబుతున్నాడు. బాబాయికి మాత్రం అనువాదం అక్కర్లేకపోయింది. జాక్సన్‌విల్ అనే ఊళ్ళో టిఫిన్లకి బస్సు ఆపితే, ఈ పిల్ల డ్రైవర్ దగ్గరికి వెళ్ళి, నేను రావడం ఆలస్యమవుతుంది, నాకోసం ఆగు అని చెప్పి దర్జాగా వెళ్ళిపోతుంది. తిరిగొచ్చేసరికి బస్సు లేదు. తాను చెప్పినా బస్సు ఆగలేదంటే ఆమెకి నమ్మకం కుదరదు. బాబాయి తొడ చరిచాడు. "ఆగుతుందా మరి! వీళ్ళ నాన్న బస్సా అది?"

ఆ మాట అనేసి టక్కున పిన్ని వైపు చూశాడు. పిన్ని నవ్వు ఆపుకుంటోంది.

ఇక్కడ పిన్ని సంగతి చెప్పాలి. పిన్నిది ఉయ్యూరు పక్కన పల్లె. వాళ్ళ నాన్నకి రైస్‌మిల్లు, మండువా లోగిలి, అంబాసిడర్ కారు. బెజవాడలో కాలేజీకి రోజూ బందరు బస్సులో వచ్చేది. పాస్ తీసుకోవడం నామోషీ అనుకుందో ఏమో, రోజూ టికెట్ కొనేది, రోజూ పెద్ద నోటే ఇచ్చేది. చిల్లర లేనప్పుడు కండక్టర్లు టికెట్ వెనక బాకీ రాసిస్తారు చూడండి, అలా రాసిచ్చేవాడు బాబాయి. ఆవిడ దిగేటప్పుడు అడిగేది కాదు. ఈయనేమో ఊరుకునే రకం కాదు. మర్నాడు ఎక్కగానే, "అమ్మాయిగారూ, నిన్నటి మీ చిల్లర" అని పైసలతో సహా చేతిలో పెట్టేవాడు. ఏడాదిన్నర ఇలా జరిగింది. కులం ఒకటే, ఆ ఒక్కటే కలిసింది. మిగతాదంతా తేడానే. మిల్లుగలాయన కూతురెక్కడ, తోలుసంచి తగిలించుకుని "రైట్ రైట్" అని అరిచేవాడెక్కడ! 1982లో ద్వారకా తిరుమలలో పెళ్ళి చేసుకుని, సాయంత్రం బస్సులో మా ఇంటికి వచ్చేశారు. వాళ్ళ నాన్న ఆ రోజు నుంచీ కూతురి పేరు ఎత్తలేదు.

సినిమాలో ఆ పిల్ల స్నానానికి బయటి షవర్ల దగ్గరికి వెళ్ళి, వరసలో నిలబడ్డ ఆడవాళ్ళని దాటుకుని నేరుగా తలుపు దగ్గరికి నడుస్తుంది. వాళ్ళు ఊరుకుంటారా? వెనక్కి పంపిస్తారు. ఆ సీను రాగానే మా అమ్మ పకపకా నవ్వేసింది. మా పిన్ని కాపరానికి వచ్చిన కొత్తలో బిందె పట్టుకుని ఇలాగే వీధి పంపు దగ్గరికి నేరుగా వెళ్ళి నిలబడిందిట. "ఏమ్మా, ఇన్ని బిందెలు వరసలో పెట్టింది ముగ్గనుకున్నావా?" అందిట ఎదురింటావిడ. పిన్నికి నిజంగానే తెలియదు. వాళ్ళింట్లో నీళ్ళు ఎవరో తోడి పోస్తే వచ్చేవి.

అసలు సినిమా అంతా ఇలాంటి చిన్న చిన్న సంగతులే. ఆమె చాక్లెట్లు కొనబోతే అతను ఆపేసి, ఈ రోజు నుంచీ నీకు బడ్జెట్ అంటాడు. డోనట్‌ని కాఫీలో ఎంతసేపు ముంచాలో నేర్పిస్తాడు. పొలంలోంచి పచ్చి క్యారెట్లు పీక్కొచ్చి ఇస్తే ఛీ అంటుంది, ఆకలి ముదిరాక తనే నములుతుంది. బస్సులో ఒకావిడ ఆకలికి స్పృహ తప్పి పడిపోతే, వీళ్ళ దగ్గరున్న ఆఖరి నోటు ఆవిడ కొడుకు చేతిలోకి వెళ్ళిపోతుంది. అమెరికాలో నలుగురిలో ఒకరికి పని లేని రోజులవి. బ్యాంకులు మూతపడ్డ కాలం. బ్యాంకంకుల్ ఆ ముక్క చెప్పినప్పుడు నానమ్మ, "అమెరికాలోనా?" అని రెండుసార్లు అడిగింది.

అందరూ గుర్తుపెట్టుకునే సీను దుప్పటి గోడ. వానకి వంతెన కొట్టుకుపోయి బస్సు ఆగిపోతుంది. రోడ్డు పక్క అద్దె గుడిసెల్లో ఒకటే గది, రెండు మంచాలు. అతను గదికి అడ్డంగా తాడు కట్టి, దాని మీద దుప్పటి వేసి, ఇవి జెరికో గోడలు, నా దగ్గర బూర లేదు, భయపడకు అంటాడు. గోడలేంటి, బూరేంటి అని బాబాయి అడిగితే బ్యాంకంకుల్ తడుముకున్నాడు. వరండాలో విసనకర్ర ఊపుకుంటున్న నర్సమ్మగారు అక్కణ్ణుంచే అందుకుంది. "యెరికో గోడలు బాబూ. యెహోషువ కాలంలో ఏడు రోజులు పట్టణం చుట్టూ తిరిగి, బూరలు ఊది, కేకలు వేస్తే కూలిపోయాయి. మా బైబిల్లో ఉంది" అంది.

నాకు ఆ సీను అర్థం కావడానికి బైబిలూ అక్కర్లేదు, ఇంగ్లీషూ అక్కర్లేదు. పిన్ని వచ్చిన రోజు రాత్రి మా నానమ్మ చేసిన పని అదే. పెట్టె అడుగు నుంచి తన పాత చింతపిక్కరంగు నేతచీర తీసి, వెనక గదిలో ఈ గోడకో మేకూ ఆ గోడకో మేకూ కొట్టించి, బావి చేంతాడు కట్టి, దాని మీద వేసింది. అవతల కొత్త దంపతులు. ఇవతల నానమ్మ, నేను, చెల్లి. ఫ్యాను ఇవతలే ఉంది. గాలికి చీర ఊగేది. అంచు కింద నుంచి పిన్ని కాలి మట్టెలు కనిపించేవి. నాకప్పుడు ఆరేళ్ళు, కథ చెప్పమని ఆ చీర పట్టుకుని లాగేవాణ్ణి. పిన్ని అవతలి నుంచే చెప్పేది, గుసగుసగా, నానమ్మ లేవకుండా. పగలు ఆ చీర మడతపెట్టి తాడు మీదే ఒక పక్కకి జరిపేవాళ్ళు. మా మట్టుకు మాకు యెరికో గోడ అంటే అది.

తెర మీద దుప్పటి చూడగానే పెద్దవాళ్ళందరూ ఒక్కసారిగా మాట్లాడ్డం మానేశారు. నానమ్మ మాత్రం, "మన చీరే నయం, అది మరీ పొట్టిగా ఉంది" అంది.

మర్నాడు బ్యాంకంకుల్ నన్ను కూర్చోబెట్టి ఈ సినిమా పుట్టుపూర్వోత్తరాలు చెప్పాడు. తీసిన కొలంబియా కంపెనీ అప్పట్లో హాలీవుడ్‌లో పేద కంపెనీ. ఆ పేటనే దరిద్రుల వాడ అనేవాళ్ళట. పెద్ద కంపెనీ ఎంజీఎం తన హీరోని అరువిచ్చింది. ఎల్లీ వేషానికి ముందు చాలామంది హీరోయిన్లని అడిగారు, ఎవరూ ఒప్పుకోలేదు. కోల్బర్ట్ 50,000 డాలర్లు అడిగింది, అదీ నాలుగు వారాల్లో వదిలేయాలని షరతు పెట్టి. షూటింగ్ అయ్యాక, ఇంత దరిద్రపు సినిమా జన్మలో చేయలేదని స్నేహితులతో అందట. 1935లో ఆస్కార్లు ఇచ్చే రాత్రి ఆవిడ రైలెక్కబోతుంటే స్టేషన్ నుంచి తీసుకొచ్చారు. ప్రయాణం బట్టల్లోనే వచ్చి బహుమతి తీసుకుంది. సినిమా, దర్శకుడు, హీరో, హీరోయిన్, రచన, ఈ అయిదూ ఒకే సినిమాకి రావడం అదే మొదలు. పెద్ద థియేటర్లలో మొదట అంతంతమాత్రంగా నడిచి, చిన్న ఊళ్ళకి వెళ్ళాక ఆడిందని విన్నప్పుడు బాబాయి మహా సంతోషించాడు. 1956లో రాజ్‌కపూర్, నర్గీస్‌లతో హిందీలో వచ్చిన 'చోరీ చోరీ' దీని పిల్లే అని చెబితే మాత్రం నమ్మలేదు. ఆ సినిమా ఆయన రెండుసార్లు చూశాడు. "అందులో లెక్క ఏదీ?" అన్నాడు.

లెక్క. అక్కడికే వస్తున్నాను.

ఆఖర్న అపార్థాలు వచ్చి ఇద్దరూ విడిపోతారు. ఎల్లీ తండ్రి దగ్గరికి వెళ్ళిపోతుంది. ఆ పైలట్‌తోనే మళ్ళీ అట్టహాసంగా పెళ్ళి ఏర్పాటు. కూతుర్ని పట్టిచ్చినవాళ్ళకి 10,000 డాలర్లు ఇస్తానని ఆయన ఎప్పుడో ప్రకటించాడు. పీటర్ వస్తాడు. ఆ పదివేల కోసమే వచ్చాడనుకుని తండ్రి చెక్‌బుక్ తీస్తాడు. పీటర్ జేబులోంచి కాగితం తీసి లెక్క చదువుతాడు. చేతి ఖర్చు 8 డాలర్ల 60 సెంట్లు. పెట్రోలు కోసం అమ్ముకున్నవి: ఓవర్‌కోటు 15, సూట్‌కేసు ఏడున్నర, టోపీ 4, మూడు చొక్కాలు నాలుగున్నర. మొత్తం 39 డాలర్ల 60 సెంట్లు. అది ఇచ్చెయ్యండి చాలు, అంతకి ఒక్క సెంటు ఎక్కువా వద్దు అంటాడు.

"ఆపు ఆపు ఆపు" అన్నాడు బాబాయి.

బ్యాంకంకుల్ పాజ్ నొక్కాడు. తెర మీద గేబుల్ బొమ్మ అడ్డంగా గీతలు పడి వణుకుతోంది. బాబాయి ఎంగిలి చెయ్యి అలాగే పెట్టుకుని, ఎడమచేత్తో చెవి మీది పెన్సిల్ తీసి, చొక్కా జేబులో ఉన్న చిత్తు కాగితం మోకాలి మీద పెట్టుకున్నాడు. "మళ్ళీ చెప్పండి." ఎనిమిది అరవై. పదిహేను. ఏడున్నర. నాలుగు. నాలుగున్నర. ఎడమచేతి రాత కోడిగీతల్లా ఉంది. రోజూ స్టేజీ స్టేజీకీ ఎస్సార్, అంటే టికెట్ల లెక్క, రాసే మనిషి కదా, పెదాలు కదుపుతూ కూడాడు. తర్వాత కాగితం కిందపెట్టి, చాలాసేపు ఏమీ అనలేదు.

"టాలీ అయింది" అన్నాడు చివరికి. గొంతు ఒక రకంగా ఉంది. "సినిమావాళ్ళు కదా, ఏదో నోటికొచ్చిన అంకె వేసుంటారనుకున్నా. పైసాతో సహా టాలీ అయిందే!" అని భుజానికి కళ్ళు తుడుచుకున్నాడు.

నాకప్పుడు నవ్వొచ్చింది. ఇప్పుడు రావడం లేదు. డబ్బున్నవాడి ముందు నిలబడి, నాకు రావలసింది ఇంత, నీ దయ నాకొద్దు అని లెక్క చెప్పగలగడం ఏమిటో ఆయనకి తెలుసు. టికెట్ వెనక చిల్లర రాసిచ్చిన ఏడాదిన్నర ఆయన చేసిందీ అదే, కాకపోతే అటు నుంచి ఇటు.

బ్యాంకంకుల్ మళ్ళీ ప్లే నొక్కాడు. తండ్రి అడుగుతాడు, మా అమ్మాయిని ప్రేమిస్తున్నావా అని. పీటర్ తప్పించుకుంటాడు, తిక్క సమాధానాలు చెబుతాడు, మూడోసారి గద్దిస్తే అవునని అరుస్తాడు. ఆ తర్వాత పెళ్ళి సీను. తెల్లటి గౌనులో కూతుర్ని చెయ్యిపట్టి నడిపిస్తూ, చుట్టూ జనం చూస్తుండగా, తండ్రి ఆమె చెవిలో రహస్యంగా చెబుతాడు. వాడు వచ్చింది పదివేలకి కాదు, 39 డాలర్లకి, వాడు బంగారంలాంటి మనిషి, వెనక గేటు దగ్గర కారు పెట్టించాను, మనసు మార్చుకుంటే వెళ్ళిపో అంటాడు. ఆమె పెళ్ళిపీటల దగ్గర్నుంచి పరుగో పరుగు. పొడుగాటి మేలిముసుగు వెనక గాలిలో తేలుతూ ఉంటుంది. తండ్రి చుట్ట నోట్లో పెట్టుకుని నింపాదిగా చూస్తుంటాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. అలికిడికి లేచిన చెల్లి కూడా కొట్టింది. పిన్ని లేచి మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి వెళ్ళింది. ఎంతకీ రాలేదు.

ప్రేమ కథలు మనకి కొత్తా? అడ్డుగోడల మీద మనవాళ్ళు ఇంకా ధైర్యంగా తీశారు. సరిగ్గా నాలుగేళ్ళకి, 1938లో, గూడవల్లి రామబ్రహ్మంగారు 'మాలపిల్ల' తీశారు. అది కులం గోడ, దుప్పటితో పోల్చేది కాదు. ఈ అమెరికా సినిమాలో నాకు నమ్మకం కుదరనిది ఒక్కటే, ఆ తండ్రి. కాప్రా సినిమాల్లో డబ్బున్నవాళ్ళు ఆఖరికి మంచివాళ్ళయిపోతారని విమర్శ ఉంది. ఉండనీ. ఆ రాత్రి వంటింటి గుమ్మంలో నిలబడి నేను చూసింది వేరు. పిన్ని గ్లాసు ముంచలేదు, నీళ్ళు తాగలేదు. కుండ మీద మూత పట్టుకుని అలాగే నిలబడి ఉంది.

బాబాయి వచ్చి గుమ్మంలోనే ఆగాడు. నేనున్నానని చూసుకోలేదో, చూసినా పర్లేదనుకున్నాడో. "నీకు చెప్పలేదు గానీ, మీ నాన్న ఒకసారి నా బస్సెక్కాడు" అన్నాడు.

పిన్ని వెనక్కి తిరిగింది.

"మూడేళ్ళయింది. కారు చెడిపోయిందేమో. ముందు సీట్లో కూర్చున్నాడు. నన్ను చూశాడు. నేను టికెట్ కొట్టాను. చిల్లర లేక వెనక 35 పైసలు బాకీ రాసిచ్చాను. బెజవాడలో దిగేటప్పుడు అడుగుతాడేమో అని చేతిలో పట్టుకుని నిలబడ్డా. అడగలేదు. టికెట్ మాత్రం పారెయ్యలేదు, మడిచి జేబులో పెట్టుకుని దిగిపోయాడు."

"ఏవన్నా అన్నారా?"

"లేదు."

"ఆరోగ్యంగా ఉన్నారా?"

"బాగానే ఉన్నాడు. కాస్త చిక్కాడు."

ఇవతల గదిలో టీవీ మోగుతోంది. ఆఖరి సీను. అందులో హీరో హీరోయిన్ కనిపించరు. గుడిసెలు అద్దెకిచ్చే ముసలి దంపతులు బయట నిలబడి, కొత్తగా పెళ్ళైనవాళ్ళు తాడెందుకు అడిగారు, దుప్పటి ఎందుకు, పిల్లలాడుకునే బూర ఎందుకు అని బుర్ర గోక్కుంటారు. బూర మోగుతుంది. దుప్పటి కింద పడుతుంది. దీపం ఆరిపోతుంది. సినిమా మొత్తంలో వాళ్ళిద్దరూ ఒక్క ముద్దు కూడా పెట్టుకోరని తర్వాతెప్పుడో గమనించాను. "ఇంగ్లీషు సినిమా అయినా పిల్లలతో చూసేట్టుంది" అని నానమ్మ సర్టిఫికెట్ ఇచ్చి పడుకుంది.

పిన్ని వాళ్ళ నాన్న మరో ఆరేళ్ళకి పోయారు. మాట్లాడకుండానే. ఆ 35 పైసలు అడిగినవాళ్ళూ లేరు, ఇచ్చినవాళ్ళూ లేరు. సత్యనారాయణపురం ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టారు. బాబాయి పోయి కూడా ఏడేళ్ళవుతోంది.

పోయిన సంక్రాంతికి పిన్ని హైదరాబాద్‌లో మా ఇంట్లో ఉంది. ఒక మధ్యాహ్నం ఆ సినిమా టీవీలో పెట్టాను. దుప్పటి సీను వచ్చినప్పుడు ఏమీ అనలేదు. బస్సు వెళ్ళిపోయినప్పుడు మాత్రం తనలో తనే నవ్వుకుంది. లెక్క సీను దగ్గర ముందుకి వంగింది. కింద అక్షరాలు కనిపించక నన్ను చదవమంది. చదివాను.

"మూడు చొక్కాలా? మీ బాబాయి నాలుగనేవాడే!"

"నాలుగు టోపీ ఖరీదు పిన్నీ. చొక్కాలు మూడే."

"ఇన్నేళ్ళూ నాలుగు చొక్కాలనే చెప్పాడు మహానుభావుడు. ఆయన లెక్క కూడా తప్పుతుందన్నమాట" అంది. కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. "వెనక్కి తిప్పు. ఇంకోసారి విందాం."